అరవై రెండో పేజీ

సీతమ్మధారలో మా వీధి చివరి అపార్ట్‌మెంటులో ఉండే సూర్యకళ గారిని చుట్టుపక్కల అందరూ సైంటిస్టు మేడమ్ అంటారు. కూరగాయల బండాయన కూడా అలాగే పిలుస్తాడు. నౌకాదళానికి పరికరాలు తయారుచేసే ప్రభుత్వ ల్యాబ్‌లో ఆమె ముప్పై రెండేళ్లు పనిచేశారు. అదే ల్యాబ్ లైబ్రరీలో నేను ఇరవై రెండేళ్లు ఉన్నాను. నా పేరు ధనలక్ష్మి. ఆమె నన్ను ధనం అంటారు. నేను మాత్రం రిటైరయ్యాక కూడా మేడమ్ అనే అంటాను. మరో పిలుపు నోటికి రాదు.

ఆమె తండ్రి తణుకు దగ్గర ఒక పల్లె నుంచి పోర్టులో క్రేన్ నడపడానికి వచ్చాడు. పోర్టు క్వార్టర్స్‌లో పెరిగిన సూర్యకళ గారు ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, నీటి అడుగున శబ్దాలు వినే మైకుల మీద పనిచేయడానికి ల్యాబ్‌లో చేరారు. ఆడవాళ్లను పరీక్షల బోటు ఎక్కించడానికి ఆఫీసర్లు వెనకాడే రోజులవి. "వాంతులయ్యేది నాకు, మీకెందుకండీ బాధ?" అని ఎక్కేశారట. ఏ పరికరమైనా సముద్రంలో నెలల తరబడి ఉండి చూడనిదే ఆమె నమ్మేవారు కాదు. గదిలో నీళ్ల తొట్టెలో బాగా పనిచేసిందని ఎవరైనా గొప్పగా చెబితే, "తొట్టెలో యుద్ధం జరగదు కదా నాయనా" అనేవారు.

అందుకే రిటైరయ్యాక కూడా ఆమెను పిలుస్తూనే ఉండేవాళ్లు. రక్షణ రంగంలో కొత్త పరిశోధనలకు ప్రభుత్వం నిధులిస్తుంది. చిన్న కంపెనీలు, కాలేజీలు, ఒక్కోసారి ఒంటరి మనుషులు కూడా తమ ఆలోచనను వంద పేజీల్లో రాసి పంపుతారు. వాటిని చదివి మార్కులు వేయడానికి అయిదుగురు నిపుణుల కమిటీ కూర్చుంటుంది. ఎవరు చదివారో, ఎవరెన్ని వేశారో బయటికి రాదు. సముద్ర పరీక్షల సంగతి వచ్చేసరికి ఆ అయిదుగురిలో సూర్యకళ గారి మాటకు ఎదురుండేది కాదు. మిగతా నలుగురూ ఆమె వేసిన మార్కు చూసి, దానికి అటూ ఇటూగా తమది వేసేవాళ్లు.

ఈ సంగతి రాస్తానని చెప్పినప్పుడు ఆమె, "రాయి. కానీ నన్ను మంచిదాన్ని చెయ్యకు" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకునే రాస్తున్నాను.

నిరుడు వేసవిలో కమిటీ కూర్చుంది. రెండు రోజుల్లో పద్నాలుగు దరఖాస్తులు చూడాలి. రేవు ముఖద్వారంలో నెలల తరబడి నీటిలోనే ఉండి, దగ్గరికొచ్చే పడవల చప్పుడు వినిపెట్టే మైకు నౌకాదళానికి కావాలి. అందులో ఉన్న పెద్ద చిక్కు నాచు. సముద్రంలో ఏ వస్తువు వేలాడదీసినా పదిహేను రోజులకు నాచు పడుతుంది, నెలకు చిన్న చిన్న పెంకు జీవాలు అంటుకుంటాయి. ఆ పొర కింద మైకుకి చెవుడొస్తుంది. దానికి మందు ఎవరు కనిపెడితే వాళ్లకు నిధులు.

రెండో రోజు భోజనాలయ్యాక పదమూడో దరఖాస్తు వచ్చింది. భీమిలి నుంచి, దొరబాబు అనే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన మనిషిది. వెనకాల పెద్ద కంపెనీ లేదు, ప్రొఫెసరు లేడు. ఇంగ్లీషు తప్పుల తడక. అందులో ఒక వాక్యం, "మైక్ ఈజ్ నాట్ గెటింగ్ డెఫ్ బికాజ్ వియ్ ఆర్ టిక్లింగ్ ఇట్", సూర్యకళ గారు పైకి చదివారు. మైకుకి చెవుడు రాకుండా చక్కిలిగింతలు పెడుతున్నాడట. గదిలో అందరూ నవ్వారు. ఏసీ చల్లదనానికి నిద్ర ముంచుకొస్తున్న వేళ ఆ నవ్వు హాయిగా అనిపించిందని ఆమే నాతో అన్నారు.

తర్వాత పేజీలు తిప్పారు. అరవై రెండో పేజీ నుంచి చేతిరాత కాగితాల ఫొటోలు వచ్చాయి. తెలుగులో, రూళ్ల పుస్తకంలో, గుండ్రటి అక్షరాలు. ఇల్లాళ్లు పాలవాడి లెక్క రాసుకున్నట్టు ఉన్నాయి. ఆమె వేలు ఆగలేదు. చివరి పేజీ దాకా తిప్పేసి, "సముద్రంలో పరీక్షించినట్టు ఎలాంటి ఆధారమూ జతచేయలేదు. దరఖాస్తుదారు ఊహల మీద ఆధారపడ్డారు" అని ఇంగ్లీషులో రాశారు. సముద్ర పరీక్షల వరుసలో ఇరవైకి మూడు వేశారు. మిగతా నలుగురూ మూడో నాలుగో వేశారు.

పద్నాలుగోది ఒక పెద్ద కంపెనీ పంపింది. రంగుల గ్రాఫులు, చక్కటి భాష. సూర్యకళ గారు ఎప్పుడో రాసిన నివేదికను అందులో మూడు చోట్ల పేర్కొన్నారు. దానికి ఇరవైకి పద్దెనిమిది పడ్డాయి. "నా పేరు కనబడగానే నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను ధనం" అని ఆమె చెప్పినప్పుడు నా వైపు చూడలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను కళ్లారా చూసింది ఏడు నెలల తర్వాత, సబ్బవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో.

చిన్న పరిశ్రమల వాళ్ల సంఘం అక్కడొక శనివారం పొద్దున శిబిరం పెట్టింది. రక్షణ పరిశోధనకు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పడానికి సూర్యకళ గారిని పిలిచారు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడానికి నేను తోడు వెళ్లాను. నలభై అయిదు మంది వచ్చారు. ఆమె బాగా చెప్పారు. మధ్యలో టీ కూడా తాగనివ్వకుండా ప్రశ్నలు అడిగారు జనం.

చివర్లో వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. ముప్పై అయిదు, నలభై మధ్య వయసు. ఎండకు మాడిన ముఖం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చేతిలో ప్లాస్టిక్ ఫైలు.

"మేడమ్, నా పేరు దొరబాబండి. భీమిలండి. పిషింగ్ హార్బర్‌లో బోట్ల వాళ్లకి వైర్‌లెస్ సెట్లు, సేపలు సూపించే మిషన్లు బాగు సేత్తానండి. నాను పెట్టిన దరఖాస్తు ఎనక్కొచ్చేసిందండి. ఎందుకొచ్చిందో ఈ కాయితం మీద రాసేరు గానీ నాకు అర్థమవలేదండి."

"ఇలా తీసుకురండి" అన్నారామె. అతను ముందుకొచ్చి కాగితం ఇచ్చాడు. ఆమె మైకులో పైకి చదవడం మొదలుపెట్టారు. "సముద్రంలో పరీక్షించినట్టు ఎలాంటి..." అనేసరికి గొంతు ఒక్క క్షణం ఆగింది. నీళ్లు తాగారు. మిగతాది చదివేశారు. గొంతు ఆరిపోయిందేమో అనుకున్నాను నేను.

"పదకొండు నెలల పుస్తకం ఎట్టేనండి" అన్నాడు దొరబాబు. "అరవై రెండో పేజీ నుంచి ఆఖరి దాకా అదేనండి. ఆళ్లకి కనపడలేదేటండి? మళ్లీ పెడితే ఏటి సెయ్యాలండి?"

అప్పుడు ఆమె, కమిటీ చూడలేదేమో అని ఒక్క మాట అనొచ్చు. ఏమీ అనకుండా, తర్వాత మాట్లాడదాం అని కూడా అనొచ్చు. అదేదీ చేయకుండా వేలు ఎత్తి పాఠం చెప్పారు.

"చూడండి దొరబాబు గారూ. చదివేవాళ్లకు టైముండదు. ఆధారం ఎక్కడుందో మొదటి పది పేజీల్లోనే చెప్పాలి. తెలుగులో చేతిరాతతో రాసిన కాగితాలు ఫొటో తీసి చివర అతికిస్తే ఎవరు చదువుతారు? ఇంగ్లీషులో, పట్టికలుగా పెట్టాలి. తప్పు కమిటీది కాదు. మీ వైపే ఉంది. అందరూ ఇది రాసుకోండి, ఇది చాలామంది చేసే పొరపాటు."

అందరూ రాసుకున్నారు. దొరబాబు కూడా అదే కాగితం వెనకవైపు రాసుకున్నాడు.

"అవునండి" అన్నాడు. "తప్పు నాదేనండి. థాంక్సండి."

చప్పట్లు కొట్టారు. ఆమెకు శాలువా కప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె కారు నడుపుతున్నారు. పెందుర్తి దాటింది, గోపాలపట్నం దాటింది. ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, "ఆ వాక్యం రాసింది నేనే ధనం" అన్నారు. అంతా చెప్పారు. సిగ్నల్ వదిలినా చూసుకోలేదు. వెనక ఆటోవాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లాడు.

"రెండ్రోజుల్లో పద్నాలుగు చదవమంటే ఎవరైనా అలాగే చేస్తారు మేడమ్. పొరపాటు" అన్నాను.

"అప్పటిది పొరపాటే అనుకో. చూడకుండా రాశాను. ఇవాళ్టిది ఏమంటావు? ఇవాళ తెలిసే అన్నాను. అతను నాకు థాంక్స్ చెప్పాడు."

ఆ తర్వాత వెంటనే ఏమైనా చేశారా అంటే, లేదు. మూడు వారాలు ఏమీ చేయలేదు. పొద్దున నడకకు రావడం మానేశారు. తలుపు కొడితే తీసేవారు, కాఫీ ఇచ్చేవారు, ఆ మాట మాత్రం ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు. ఒకరోజు సంఘం వాళ్లు వాట్సాప్‌లో శిబిరం ఫొటోలు పంపారు. వాటిలో ఒకటి నాకు చూపించారు. ఆమె వేలు గాల్లో ఉంది. ఎదురుగా దొరబాబు తల వంచుకుని రాసుకుంటున్నాడు. స్కూల్లో దండన పడ్డ పిల్లాడిలా ఉన్నాడు ఆ మనిషి. కింద ఎవరో 'గొప్ప మార్గదర్శనం' అని పెట్టారు, దండాల బొమ్మలతో.

ఆ రోజే కమిటీ వ్యవహారాలు చూసే గుణశేఖర్ గారికి ఫోన్ చేశారు. నా ఎదుటే చేశారు, స్పీకర్ పెట్టి. నేను పక్కన లేకపోతే తాను మాట మార్చేస్తానేమోనని ఆమె భయమట.

గుణశేఖర్ గారు మర్యాదగానే విన్నారు. "మేడమ్, మార్కులు వేసింది మీరొక్కరే కాదు, అయిదుగురు. మీరు మనసు పాడుచేసుకోకండి."

"ఆ వరుసలో నలుగురూ నన్ను చూసి వేశారండి. ఆ సంగతి మీకూ తెలుసు."

"ఆ పెద్ద కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చేసి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఇది కదిపితే ఆ విడత మొత్తం మీద ప్రశ్నలొస్తాయి. మీ పేరు కూడా..."

"నా పేరు గురించే ఫోన్ చేశాను. నేను చదవలేదండి. చదవకుండా 'లేదు' అని రాశాను. రాతపూర్వకంగా పంపుతున్నాను. నిపుణుల జాబితాలోంచి నన్ను తీసేయండి."

ఆమె రాసిన ఉత్తరం ఒక పేజీ. మొదటి చిత్తులో 'పని ఒత్తిడి వల్ల' అని ఉంది. దాన్ని కొట్టేసి మళ్లీ రాశారు. రెండో చిత్తులో 'భాషా కారణాల వల్ల' అని వచ్చింది. అదీ కొట్టేశారు. చివరికి పంపిన ఉత్తరంలో కారణమే లేదు.

నెల తిరిగాక ఆమెను పిలిచి, ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ దరఖాస్తు ముందు పెట్టి, మళ్లీ చదివి చెప్పమన్నారు. పదింటికి కూర్చుంటే ఒంటిగంట దాటింది. ఆమె నాకు చెప్పినంత వరకు చెబుతాను.

బోట్ల మీద చేపలు చూపించే మిషన్లు బాగుచేస్తూ దొరబాబు ఒకటి గమనించాడు. ఆ మిషను నీటిలోకి శబ్దం పంపుతుంది. రోజూ వాడే బోటులో శబ్దం పంపే ముఖం శుభ్రంగా ఉంటోంది, వాడకుండా కట్టేసిన బోటులో పెంకులు పట్టిపోతున్నాయి. అయితే వినే మైకుని కూడా కొన్ని నిమిషాలకోసారి సన్నగా వణికిస్తే? చక్కిలిగింతలు అంటే అదీ. గణేష్ అనే స్నేహితుడు దానికి ప్రోగ్రామ్ రాశాడు. భీమిలి తీరానికి కొంచెం ఎడంగా రెండు మైకులు పక్కపక్కన వేలాడదీశారు. ఒకటోది వణకనిది, రెండోది వణికేది. ప్రతి మంగళవారం దొరబాబు బావ గురువులు పడవేసుకెళ్లి రెండూ ఒడ్డుకు తెచ్చేవాడు. దొరబాబు భార్య చిట్టమ్మ పెంకులు లెక్కపెట్టి, చప్పుడు విని, పుస్తకంలో రాసేది. పదకొండు నెలల్లో ఒక్క మంగళవారం తప్పలేదు. వేసవిలో వేట నిషేధం రెండు నెలలూ ఇంజను పడవలు కదలకూడదు కాబట్టి గురువులు తెప్ప మీద వెళ్లాడు.

సూర్యకళ గారికి కొన్ని పంక్తులు కంఠతా వచ్చేశాయి. 'మంగళవారం. నీళ్లు కలక. ఒకటో మైకుకి పెంకులు నలభై ఒకటి. రెండోదానికి మూడు. రెండోదాంట్లో దూరంగా ఓడ మోత బాగా తెలిసింది. ఒకటోదాంట్లో ఏమీ లేదు.' ఇంకోటి, 'కెరటం పెద్దది. వల తగిలి తాడు తెగింది. గురువులన్న మునిగి తీశాడు. చెయ్యి కోసుకుంది. రెండో మైకు బాగానే ఉంది.'

"నేను ల్యాబ్‌లో ముప్పై రెండేళ్లలో ఇంత నిజాయితీగా రాసిన పరీక్షల పుస్తకం రెండో మూడో చూశానేమో" అన్నారు. "మైకు పనిచేయని వారాలు కూడా రాసింది. ఎవరూ రాయరు అవి."

కొత్తగా ఎన్ని మార్కులు వేశారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. "మొదటి వరుసలో ఉండాల్సింది" అన్నారంతే. కాంట్రాక్టు వెనక్కి తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఫైల్లో పొరపాటు నమోదు చేశారు. ఏడాది ఆగకుండా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని దొరబాబుకు ఉత్తరం వెళ్లింది. ఎందుకో అందులో రాయలేదు.

"అతనికి కారణం తెలియాలి" అన్నారు సూర్యకళ గారు. "మార్కుల సంగతి చెప్పను, అది నాది కాదు. నా వాక్యం నాదే."

ఆదివారం పొద్దున ఇద్దరం భీమిలి వెళ్లాం. దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో రకరకాలుగా అనుకున్నారు. రుషికొండ దాటాక కారు పక్కకు ఆపి దిగి కాసేపు నిలబడ్డారు. వెనక్కి వెళ్దామంటారేమో అనుకున్నాను. అంటే నేను సరే అనేదాన్నే.

జాలరిపేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలో చిట్టమ్మ చేపలు ఆరబెడుతోంది. సన్నగా, చురుగ్గా ఉంది మనిషి. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని కుర్చీలు వేసింది. దొరబాబు లోపల్నుంచి వచ్చి, గుర్తుపట్టి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"మేడమ్ గారూ! చిట్టమ్మా, సెప్పేను కాదేటి, సబ్బవరంలో పాఠం సెప్పేరని, ఆ మేడమే. కూకోండి మేడమ్. టీ పెట్టే ఏగీరం."

"టీ వద్దు దొరబాబు గారూ. ముందు నేను చెప్పేది వినండి."

కూర్చోలేదు ఆమె. నిలబడే చెప్పారు. నాలుగైదు వాక్యాలే. ఆ కమిటీలో తాను ఉన్నానని, ఆ వాక్యం తనదని, పుస్తకం చదవకుండా రాశానని, సబ్బవరంలో కాగితం చేతికి రాగానే గుర్తుపట్టి కూడా తప్పు మీదే అన్నానని. "క్షమించమని అడగడానికి రాలేదు. మీకు తెలియాలని వచ్చాను" అన్నారు.

దొరబాబు ముఖంలో నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యే కొద్దీ పోయింది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషి చేతులు ఆపాడు. అతనే గురువులు.

"చదవకుండా రాసేరా?" అన్నాడు గురువులు. "అమ్మా, యేట లేని రోజుల్లో నాను తెప్పేసుకుని ఎల్లేను. ఈ సెయ్యి సూడండి."

"సూడండి" అన్నాడు గానీ చెయ్యి చూపించలేదు. మళ్లీ వల మీదికి వంగిపోయాడు.

దొరబాబు నెమ్మదిగా అన్నాడు. "ఆ కాయితం రాసినప్పుడు నానెవుడో మీకు తెల్దండి. పోనీండి. సబ్బవరంలో నాను మీ ఎదర నిలబడ్డాను కదండి. అంతమందిలో తప్పు నీదన్నారు. నాను నమ్మేసేనండి. ఇంటికొచ్చి దీన్ని తిట్టేను. ఇంగ్లీసులో రాసుంటే ఇలగ అవ్వునా అని. వారం రోజులు మాటాడలేదండి దీంతోటి. గణేష్ కూడా, ఇంకేటి వత్తాది బావా అనేసి, చెన్నై ఎల్లిపోయేడు ఉద్యోగానికి. మైకులు ఒడ్డున పడేసేం."

 

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని ఉన్న చిట్టమ్మ అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "అమ్మా, మీది తెలుగేనా?"

"తెలుగేనమ్మా."

"మరి నాను రాసింది తెలుగే కదమ్మా. సదవడానికేటి కట్టం?"

సూర్యకళ గారి ముఖం ఎర్రబడి, తర్వాత రంగు లేకుండా అయిపోయింది. ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా తడుముకోకుండా జవాబిచ్చే మనిషి. ఆ ప్రశ్నకు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోవాల్సి వచ్చింది. చివరికి, "తెలుగు కాబట్టే చదవలేదమ్మా" అన్నారు. "తెలుగులో ఉంటే అందులో ఏముంటుందిలే అనుకున్నాను."

చిట్టమ్మ తలాడించింది. అంతే. ఆ తలాడించడం చూసి నాకే తల కొట్టేసినట్టయింది. నేనూ అలాంటి కాగితాలు లైబ్రరీలో ఎన్ని పక్కన పెట్టానో.

కాసేపటికి సూర్యకళ గారు, ఇప్పుడు తాను ఏ కమిటీలోనూ లేనని, ఒప్పుకుంటే దరఖాస్తు మళ్లీ రాయడంలో సాయం చేస్తానని, పుస్తకం మొత్తం ఇంగ్లీషులోకి తానే మారుస్తానని అన్నారు. దొరబాబు ఆలోచించాడు.

"వొద్దండి. మీరు పెద్దోరు, కోపం తెచ్చుకోకండి. మీ సేతి రాత ఇంకోపాలి సూడాలని నేదండి నాకు."

"సరేనండి" అన్నారామె.

మేం లేచి గుమ్మం దాటుతుంటే చిట్టమ్మ నన్ను ఆపింది. "మీకు ఇంగ్లీసు వచ్చేటండి?" వచ్చన్నాను. "అయితే మీరు రాయండి. నాను పక్కన కూకుని ఒక్కో ముక్కా సదివి సెప్తాను. తప్పు రాత్తే ఊరుకోను."

అలా ఎనిమిది ఆదివారాలు నేను భీమిలి బస్సెక్కాను. సూర్యకళ గారు కారు ఇస్తానన్నారు. నేనే వద్దన్నాను. చిట్టమ్మ వేలు పెట్టి పంక్తి పంక్తీ చదివించేది. తొందరపడి రెండు వారాలు కలిపి రాస్తే, "అది వేరే వారమండి, ఆ రోజు వాన" అని మళ్లీ రాయించేది. ఈసారి పుస్తకం చివర పెట్టలేదు. మొదట పెట్టాం, తెలుగు ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క. చక్కిలిగింతల వాక్యం నేను మారుద్దామంటే దొరబాబు ఒప్పుకోలేదు. జరిగింది అదే కదండీ అన్నాడు.

ఈ మధ్యలోనే సూర్యకళ గారు ఆ పరిశ్రమల సంఘం వాళ్లను అదే కాలేజీలో ఇంకోసారి శిబిరం పెట్టమని అడిగారు. పెట్టారు. పదహారు మందే వచ్చారు, వాళ్లలో పాతవాళ్లు ఆరుగురు. ఆమె లేచి, కిందటిసారి ఈ గదిలో ఒక మనిషికి తాను చెప్పింది తప్పని, ఆయన ఆధారం పెట్టాడని, చదవాల్సినవాళ్లు చదవలేదని, ఆ చదవనివాళ్లలో తాను ఉన్నానని చెప్పారు. ఎవరికీ పెద్దగా అర్థం కాలేదు. ఒకాయన, "మరి ఇంగ్లీషులో పెట్టాలా, అక్కర్లేదా మేడమ్?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పబోయి, మైకు బల్ల మీద పెట్టేసి కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు అర్జునరావు గారు మేడమ్‌కి ఒంట్లో బాగాలేదని చెప్పి శిబిరం ముగించారు. ఈసారి ఫొటోలు ఎవరూ పంపలేదు. తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

దొరబాబు దరఖాస్తుకు ఈ ఏడాది నిధులు వచ్చాయి. అడిగినదాంట్లో సగమే, ఏడాది పరీక్షలకు. గణేష్ తిరిగి రాలేదు. చెన్నై ఉద్యోగం బాగుందట. కొత్తగా ఇంకెవరినో వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి మూడు నెలలు పట్టింది. పెద్ద కంపెనీ మైకులు ఈలోగా రేవులో దిగిపోయాయి. వాటి చెవి ఎలా ఉందో నాకు తెలియదు.

ఫలితాల జాబితా వెబ్‌సైటులో పెట్టిన రోజు సూర్యకళ గారు నన్ను పిలిచి చూపించారు. పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, "దొరబాబుకి చేయనా ధనం?" అని అడిగారు.

నాకు జాలేసింది. ముప్పై రెండేళ్లు ఎవరినీ అడగకుండా పనిచేసిన మనిషి నన్ను అనుమతి అడుగుతున్నారు. అయినా ఆమె చేతిరాత కూడా చూడాలని లేదని దొరబాబు ఆ రోజు అన్న మాట నేను విన్నాను.

"వద్దు మేడమ్" అన్నాను.

"అవును" అన్నారు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్లజోడు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు.